పీసీసీ ఎవరి దగ్గర తీసుకోవాలి: పాస్‌పోర్ట్ ఆఫీసులోనా, పోలీసు ఆఫీసులోనా?

"పీసీసీ కావాలన్నారండీ. పాస్‌పోర్ట్ ఆఫీసుకు వెళ్ళమంటారా, కమిషనర్ ఆఫీసుకు వెళ్ళమంటారా?" నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను ఈ మాట అడుగుతున్నారు. పీసీసీ అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, పోలీసు రికార్డుల్లో మన మీద అభ్యంతరం ఏదీ లేదని చెప్పే కాగితం. నేను ఏజెంటును కాను, ఆ రెండు శాఖల్లో ఉద్యోగినీ కాను. నిరుడు మా మేనకోడలి కెనడా శాశ్వత నివాసం దరఖాస్తుకు కాగితాలు కూర్చే పని నా మీద పడింది. అప్పటి నుంచి బంధువులందరికీ ఈ విషయంలో నేనే పెద్దదిక్కు. అసలు సంగతేమిటంటే, ఆ పనిలో మొదటి పీసీసీని తప్పు చోట తీయించిందీ నేనే.

ఏజెంటు ఒకాయన మాట విన్నాను. "పోలీసులు ఇచ్చేదే కదండీ పోలీస్ సర్టిఫికెట్, మధ్యలో పాస్‌పోర్ట్ ఆఫీసుతో పనేమిటి?" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. పోలీసు శాఖకు దరఖాస్తు పెట్టాం, సర్టిఫికెట్ వచ్చింది, ఫైలులో భద్రం చేశాం. తీరా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (శాశ్వత నివాసానికి కెనడా మనుషులను ఎంచుకునే పద్ధతి) ఆహ్వానం వచ్చాక కెనడా వాళ్ళు భారత పౌరుల కోసం రాసిన సూచనలు మొదటిసారి శ్రద్ధగా చదివితే, కావలసింది పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చేదని ఉంది. ఆహ్వానం వచ్చిన రోజు నుంచి దరఖాస్తు పూర్తిచేయడానికి 60 రోజులే గడువు. "మామయ్యా, ఇప్పుడెలా?" అని ఆ పిల్ల అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఈ రెండు కాగితాలకూ పేరు ఒకటే. వాటిలో రాసి ఉండే మాటలు మాత్రం వేరు. పోలీసు శాఖ ఇచ్చేది సాధారణంగా తన రికార్డుల గురించి చెబుతుంది: ఫలానా చిరునామాలో ఉంటున్న ఈ వ్యక్తి మీద మా పరిధిలో కేసులు లేవు, అంతవరకే. పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చేది విదేశాంగ శాఖ కాగితం. అందులో మీ పాస్‌పోర్ట్ నంబరు ఉంటుంది, వెళ్ళబోయే దేశం పేరు ఉంటుంది. ఆ దేశపు వీసాతో సహా ప్రయాణ సౌకర్యాలకు ఈ వ్యక్తిని అనర్హుణ్ణి చేసే ప్రతికూల సమాచారం ఏదీ లేదని ఉంటుంది. పరాయి దేశపు వలస అధికారికి మన జిల్లా ఎస్పీ సంతకం ఎలా ఉంటుందో తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. పాస్‌పోర్ట్ ఎవరు ఇచ్చారో, దాని మీద మచ్చ లేదని చెప్పవలసింది కూడా వాళ్ళే అన్నది అతని లెక్క.

మరి జనం పోలీసు ఆఫీసు వైపు ఎందుకు మొగ్గుతారు? తొందరగా వస్తుందని. ఈ నమ్మకంతోనే నాకు పేచీ. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో కౌంటరు పని ఒక పూటలో అయిపోతుంది. రోజులు పట్టేది పోలీసు విచారణకు. పాస్‌పోర్ట్ కార్యాలయం అడిగినా, మీరు నేరుగా పోలీసు శాఖను అడిగినా మీ గడప దాకా వచ్చేది ఆ స్టేషను మనిషో, స్పెషల్ బ్రాంచి మనిషో. ఆయన వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే రెండు దారుల్లోనూ ఆలస్యమే. ఇంకో మాట కూడా ఉంది. పాస్‌పోర్ట్ ఈమధ్యనే తీసుకున్నవారికి, చిరునామా మారనివారికి, పాత విచారణ నివేదిక ఏ అభ్యంతరమూ లేకుండా కంప్యూటర్‌లో ఉంటే పీసీసీ అదే రోజు చేతికి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. పోలీసు శాఖ దారిలో ఆ వెసులుబాటు లేదు, ప్రతిసారీ కొత్త విచారణే.

ఖర్చు సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాస్‌పోర్ట్ కార్యాలయంలో పీసీసీ ఫీజు 500 రూపాయలు. దీనికి తత్కాల్ లేదు. కనుక "తత్కాల్‌లో తీయిస్తాను" అనే ఏజెంటు ఎదురైతే జేబు మీద చెయ్యి వేసుకుని బయటికి రండి. 2022 సెప్టెంబరు 28 నుంచి తపాలా కార్యాలయాల్లోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లోనూ పీసీసీకి దరఖాస్తులు తీసుకుంటున్నారు. పెద్ద ఊళ్ళలో అపాయింట్‌మెంట్ దూరంగా ఉంటే పక్క జిల్లా తపాలా కేంద్రంలో ఖాళీ ఉందేమో చూడండి.

చిరునామా దగ్గర మాత్రం కాస్త ఆగాలి. నన్ను అడిగేవారిలో సగం మంది చిక్కు ఇదే. పాస్‌పోర్ట్‌లో ఊళ్ళోని తల్లిదండ్రుల ఇల్లు ఉంటుంది. మనిషి నాలుగేళ్ళుగా నగరంలో అద్దెకుంటున్నాడు. ఊరి చిరునామాతోనే దరఖాస్తు పెట్టేసి, విచారణ రోజున బస్సెక్కి వెళ్తే సరిపోతుందని కొందరి ఆలోచన. అది నాకు నచ్చదు. వచ్చిన కానిస్టేబుల్ పక్కింటివాళ్ళను అడిగితే "అబ్బాయి ఇక్కడుండడండీ, పండక్కి వస్తాడు" అని నిజమే చెబుతారు. ఆ ఒక్క మాటతో నివేదిక అడ్డం తిరుగుతుంది. మీరు నిద్రలేచే ఇంటి చిరునామా ఇవ్వడమే మేలు.

దానికోసం ముందు పాస్‌పోర్ట్‌లో చిరునామా మార్పించుకోవాలా? అక్కర్లేదు. పాస్‌పోర్ట్‌తో పాటు ఇప్పటి చిరునామాకు రుజువు చూపిస్తే ఆ చిరునామాకే విచారణ వెళ్తుంది. ఆధార్‌లో కొత్త చిరునామా ఉంటే చిక్కే లేదు. బ్యాంకు పాస్‌బుక్కు, కరెంటు బిల్లు వంటివి కూడా పనికొస్తాయి. అద్దె ఒప్పందం చూపించాలనుకునేవారు మాత్రం జాగ్రత్త. జాబితాలో ఉన్నది రిజిస్టరు చేయించిన ఒప్పందం. పదకొండు నెలలకని స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించుకున్నది ఇంటి ఓనరుకు మీకు మధ్య చెల్లుతుందేమో గానీ ఆ కౌంటరులో చెల్లదు.

పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడితే మాత్రం నా సలహా తలకిందులవుతుంది. పీసీసీ మీద ఉండేది పాస్‌పోర్ట్ నంబరు. పీసీసీ తీసుకున్న మూడు నెలలకు పాస్‌పోర్ట్ కొత్తది తీసుకుంటే నంబరు మారిపోతుంది. పాత నంబరు ఉన్న పీసీసీని చూసి అవతలి అధికారి ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పుకోవడం మీ వంతు. ఏడాది లోపు గడువు తీరేటట్టుంటే ముందు పాస్‌పోర్ట్ మార్చుకోండి, అందులోనే కొత్త చిరునామా కూడా వేయించుకోండి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1500 రూపాయలు. ఆ సందర్భంగా జరిగిన విచారణ తాజాగా ఉంటుంది కాబట్టి వెనువెంటనే పెట్టే పీసీసీ దరఖాస్తు తేలిగ్గా కదులుతుంది. ఒకే ఇంటికి రెండుసార్లు పోలీసులు వస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న బెంగ ఉన్నవాళ్ళకూ ఇదే మంచిది.

పాస్‌పోర్ట్ కార్యాలయం వైపు నేను పూర్తిగా తిరిగిపోవడానికి అసలు కారణం అపోస్టిల్, అంటే మన కాగితం అసలైనదేనని పరాయి దేశాల కోసం విదేశాంగ శాఖ వేసే ముద్ర. విదేశంలో మన కాగితం చెల్లాలంటే చాలా చోట్ల విదేశాంగ శాఖ ముద్ర అడుగుతారు. ఈ ముద్రను దేశాలు పరస్పరం ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది, ఆ ఒప్పందంలోని దేశాలకు అపోస్టిల్ స్టిక్కరు సరిపోతుంది. సౌదీ అరేబియా 2022 డిసెంబరులో, కెనడా 2024 జనవరిలో అందులోకి వచ్చాయి. ఒమన్, బహ్రెయిన్ అంతకు ముందు నుంచే ఉన్నాయి. కువైట్, ఖతార్, యుఏఈ ఇంకా బయటే ఉన్నాయి కాబట్టి వాటికి విదేశాంగ శాఖ ధ్రువీకరణ తర్వాత ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి. ఇప్పుడు తేడా చూడండి. పాస్‌పోర్ట్ కార్యాలయం విదేశాంగ శాఖలోనిదే, కాబట్టి అక్కడి పీసీసీ తిన్నగా అపోస్టిల్‌కు వెళ్తుంది. పోలీసు శాఖ ఇచ్చినది రాష్ట్ర ప్రభుత్వ పత్రం. ముందు రాష్ట్ర స్థాయిలో దాని సంతకాన్ని ఖాయం చేయించుకుని, ఆ తర్వాతే ఢిల్లీ వైపు చూడాలి. అపోస్టిల్ ఫీజు 50 రూపాయలే. దానికి ముందు ఈ అదనపు మెట్టు దగ్గరే ఏజెంట్లు వేలకు వేలు అడుగుతారు. మొదట్లో పోలీసు ఆఫీసు దారిలో కలిసివచ్చిందనుకున్న నాలుగు రోజులూ ఇక్కడ వడ్డీతో సహా పోతాయి.

అయితే పోలీసు శాఖ పీసీసీకి చోటే లేదని కాదు. ఇక్కడి కంపెనీ ఉద్యోగంలో చేర్చుకునే ముందు అడిగితే, పాస్‌పోర్టే లేనివారికి అవసరమైతే అదే సరైనది. పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చేది భారత పాస్‌పోర్ట్ ఉన్నవారికే. అందులోనూ విదేశంలో ఉద్యోగం, నివాసం, దీర్ఘకాలిక వీసా, వలస వంటి పనుల కోసమే, పర్యాటక వీసాకు ఇవ్వరు. ఇక్కడ కొంతకాలం ఉండి వెళ్ళిన విదేశీయులు, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్న మన పిల్లలు పోలీసు శాఖనో, విదేశీయుల నమోదు కార్యాలయాన్నో అడగాలి. కొన్ని విదేశీ సంస్థలు "స్థానిక పోలీసులు ఇచ్చినది" అని విడమరచి రాస్తాయి. అలా రాస్తే వాదన అనవసరం, అదే తీసుకోండి. రెండింటిలో ఏదైనా సరేనన్నవాళ్ళ దగ్గర మాత్రం నా ఓటు పాస్‌పోర్ట్ కార్యాలయానికే. అమెరికా వలస వీసాకు, కెనడాకు అయితే ఓటు వేసే పనే లేదు, భారత పౌరులకు వాళ్ళు చెప్పేది పాస్‌పోర్ట్ కార్యాలయమే.

ఇప్పటికే విదేశంలో ఉన్నవాళ్ళు అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా తీసుకోవచ్చు. విచారణ కబురు మళ్ళీ ఇక్కడికే వస్తుంది, కాస్త ఓపిక కావాలి. ఏళ్ళ తరబడి ఉన్న ఆ దేశపు పోలీసు సర్టిఫికెట్ వేరుగా తీసుకోవాలి, మన పీసీసీ దానికి బదులు కాదు. కెనడా గత పదేళ్ళలో వరుసగా ఆరు నెలలు ఉన్న ప్రతి దేశం నుంచీ అడుగుతుంది, ఆస్ట్రేలియా మొత్తం పన్నెండు నెలలు ఉన్న చోటు నుంచి అడుగుతుంది. గల్ఫ్‌లో పనిచేసి తిరిగి వచ్చేసేవాళ్ళు అక్కడున్నప్పుడే ఆ కాగితం చేతపట్టుకుని విమానం ఎక్కడం మంచిది. ఇక్కడికొచ్చాక వేలిముద్రలు, రాయబార కార్యాలయాల చుట్టూ తిరుగుళ్ళు ఎందుకు?

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (కొన్ని దేశాలకు పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర ఉన్నది, సాధారణంగా పదో తరగతి పాస్ కానివారిది) ఉన్నవారిని పీసీసీ దరఖాస్తులో ఉద్యోగ ఒప్పందం నకలు, వీసా కాగితం కూడా అడుగుతారు. పదో తరగతి పాసై ఉండి కూడా పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ ముద్రతోనే తిరుగుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పాస్‌పోర్ట్ మార్చుకునేటప్పుడు సర్టిఫికెట్ చూపించి అది తీయించుకుంటే సగం బాధ తగ్గుతుంది. ఆ దేశాల నిబంధనలు మారుతూ ఉంటాయి కూడా. యుఏఈ 2018 ఫిబ్రవరిలో ఉద్యోగ వీసాలకు సత్ప్రవర్తన పత్రం తప్పనిసరి చేసి ఏప్రిల్ నుంచి పక్కన పెట్టింది. సౌదీ అరేబియా 2022లో మన వాళ్ళకు పీసీసీ తప్పదంది, అదే ఏడాది నవంబరులో వద్దంది. అందుకే "ఎందుకైనా మంచిది, ముందే తీసి పెట్టుకుందాం" అనే వారితో నేను ఏకీభవించను. చాలా దేశాలు ఆరు నెలల లోపు తీసుకున్న పీసీసీనే అంగీకరిస్తాయి. బీరువాలో ఉంచితే దాని ఆయువు కరిగిపోతూనే ఉంటుంది.

కేసులున్నవారి మాట వేరు. "పాస్‌పోర్ట్ ఆఫీసులో అయితే దొరికిపోతాం, పోలీసు ఆఫీసులో అయితే సర్దుకోవచ్చు" అని ఒకాయన నాతో గుసగుసగా అన్నాడు. రెండు చోట్లా చూసేది ఆ రికార్డులే. కోర్టులో నడుస్తున్న కేసు ఉంటే ముందు వకీలును కలవాలి, కౌంటరును కాదు.

మా మేనకోడలికి రెండో పీసీసీ గడువు లోపలే వచ్చింది. ఈసారి కేంద్రం బయట మెట్ల మీదే నిలబెట్టి నాలుగు విషయాలు చూడమన్నాను: పేరులో అక్షరాలు, పుట్టినతేదీ, పాస్‌పోర్ట్ నంబరు, దేశం పేరు. నంబరులో ఒక్క అంకె తేడా ఉన్నా మళ్ళీ లోపలికి వెళ్ళి అప్పటికప్పుడు చెప్పవచ్చు. ఇంటికి వెళ్ళాక కనబడితే ఇంకో అపాయింట్‌మెంట్ కోసం చూసుకోవలసిందే.