ములుగుని ఒక్కరోజులో చుట్టేద్దాం అనుకుంటున్నారా? ఆగండి

ములుగు జిల్లాకి ఇది మా రెండో ట్రిప్పు. మొదటిసారి అందరూ చేసే తప్పే మేమూ చేశాం. పొద్దున ఐదింటికి హైదరాబాద్‌లో బయల్దేరి రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం మూడూ చూసేసి రాత్రికి ఇంట్లో పడుకుందామని ప్లాన్ వేశాం. రామప్పకే 200 కిలోమీటర్లు దాటుతుంది, బొగత ఇంకా గోదావరి అవతల. చివరికి బొగత చేరేసరికి గేటు మూసేసి ఉంది, నీళ్ల హోరు వింటూ కారు వెనక్కి తిప్పుకున్నాం. ఈసారి వరదలు తగ్గాక సెప్టెంబర్‌లో, రెండు రోజులు పెట్టుకుని వెళ్లాం.

రామప్పకి మాత్రం పూర్తి మార్కులు. జంగాలపల్లి దగ్గర హైవే వదిలి పాలంపేట వైపు తిరిగితే పొలాల మధ్యలో ఉన్నట్టుండి కనిపిస్తుంది గుడి. 1213లో, కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దేవుడు రామలింగేశ్వరుడే అయినా ఊరంతా పిలిచేది మాత్రం శిల్పి పేరుతో. పొద్దున తొమ్మిదిలోపే వెళ్లండి, తర్వాత ఎండకి రాతి మీద కాలు పెట్టలేరు, చెప్పులు బయటే విప్పాలి కదా. గైడ్‌ని తప్పకుండా మాట్లాడుకోండి. మొదటిసారి డబ్బులు మిగులుద్దామని మానేశాం, అసలు ఏం చూశామో ఇప్పుడు తెలిసింది. బయట చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్యగత్తెల శిల్పాలు, ఏటవాలుగా నిలబడి ఉంటారు, గుడేమో ఎర్రరాయి. అందులో ఒకావిడ కాళ్లకి ఎత్తుమడమల చెప్పులున్నాయి, ఎనిమిది వందల ఏళ్ల కిందటి హీల్స్! మా అమ్మాయి అక్కణ్ణించి కదలనే లేదు. లోపల స్తంభాల మీద నగల చెక్కడంలో సూది దూరేంత సన్నని సందులున్నాయి, గైడ్ టార్చి వేసి చూపిస్తే తప్ప కంటికి ఆనవు. మంటపంలో నేల అక్కడక్కడా అలలా ఎత్తుపల్లాలుగా ఉంటుంది, పునాది కింద ఇసుక నింపి కట్టడం వల్లే ఇంత కదిలినా గుడి నిలబడిందట. నీళ్లలో తేలే ఇటుకలు వాడింది పైన గోపురానికి, బరువు తగ్గించడానికి. కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యాన్ని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు మళ్లీ నిలబెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నవాటిలో ఈ గోడల మీది భంగిమలు కూడా ఉన్నాయి. మాకు మూడు గంటలు చాలలేదు.

లక్నవరం గురించి కొంచెం నిజం చెప్పాలి. అడవి కొండల మధ్య చెరువు, దాంట్లో దీవులు, వేలాడే వంతెన, అన్నీ బాగానే ఉంటాయి. కానీ ఆదివారం వెళ్తే వంతెన మీద సెల్ఫీల కోసం క్యూ కడతారు, చెరువు కన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు. దగ్గర్లో ఒక హోటల్లో బొంగు చికెన్ ఆర్డరిస్తే గంటన్నర కూర్చోబెట్టి, ఆఖరికి మామూలు గిన్నెలో వండిన కూరని వెదురు బొంగులో పోసి తెచ్చారు. పొగ వాసనే లేదు! బొంగు కాలి నల్లబడిందో లేదో చూసి మరీ కొనండి. వీలైతే వారం మధ్యలో వెళ్లి రాత్రికి అక్కడే ఉండండి, పొద్దున్నే నీళ్ల మీద మంచు లేస్తుంటే అదే వేరు.

రెండో రోజు తాడ్వాయి మీదుగా మేడారం. జాతర లేనప్పుడు ఏముంటుందిలే అని మా ఆయన వద్దన్నారు, నేనే పట్టుబట్టాను. విగ్రహాలుండవు, సమ్మక్క సారలమ్మల గద్దెలే, అంటే అరుగుల్లాంటి వేదికలు. అమ్మవార్లకి మొక్కు చెల్లించే నిలువెత్తు బంగారం అంటే బెల్లమే అని మా అమ్మాయికి అక్కడే తెలిసింది. కప్పం కట్టలేమన్న కోయలు కాకతీయ సైన్యంతో పోరాడారని, సమ్మక్క కొడుకు జంపన్న వాగులో దూకి ప్రాణం వదిలాడని ఇక్కడ చెప్పుకునే కథ. ముందురోజు చూసిన గుడి, చెరువు రెండూ కాకతీయులవే. వాళ్లతో తలపడినవాళ్లు ఇక్కడ దేవతలు. రెండేళ్లకోసారి మాఘంలో వీళ్లని చూడ్డానికే లక్షల జనం వస్తారు. ఈ రెండూ వరసగా చూస్తేనే ఈ జిల్లా అర్థమవుతుంది, అందుకే మేడారం వదిలేయొద్దంటాను.

అక్కణ్ణించి ఏటూరునాగారం, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు వైపు వెళ్తే బొగత. తాడ్వాయి అడవిలో కోతులకి తిండి వేయకండి, కారు అద్దాలు ఎక్కించుకోండి. బొగత అంతా వానల మీద ఆధారం. వేసవిలో వెళ్లి రాళ్లు చూసొచ్చి తిట్టుకునేవాళ్లున్నారు, మరీ కుండపోతగా ఉంటే లోపలికి పంపరు. మాకు నీళ్లు ఎర్రగా, నిండుగా దూకుతున్నాయి, దూరంగా నిలబడ్డా తుంపర మొహాన కొడుతోంది. దిగనివ్వలేదు, మంచిదే, ఆ రాళ్లు భలే జారతాయి. తాడ్వాయి దాటాక మాకు చాలాచోట్ల సిగ్నల్ లేదు, ఫోన్‌పే పని చేయక మొక్కజొన్న పొత్తులకి కూడా చిల్లర వెతుక్కున్నాం. నగదు, ఒక జత బట్టలు, దోమల క్రీము పెట్టుకోండి. గేటు ఈసారి తెరిచే ఉంది, మధ్యాహ్నం రెండుకల్లా చేరాం మరి.