కారు లోపల టైర్ల హోరు: నాలుగేళ్లు వాడి చూశాక నా రివ్యూ

రోడ్డు సౌండ్ తగ్గించాలని ఏ కార్ డెకార్స్ షాపుకెళ్లినా మొదట డోర్లకి సౌండ్ తగ్గించే షీట్లు వేయించుకోమనే చెప్తారు. నాలుగేళ్లుగా ఒకే బండి మీద ఒక్కో పనీ చేయించుకుంటూ, చేయించిన ప్రతిసారీ అదే రోడ్డు మీద అదే స్పీడులో వెళ్లి విని చూసుకుంటూ వచ్చాక నేను చెప్పే వరస వేరు. ముందు టైర్లలో గాలి ప్రెషర్, టైర్లు. తర్వాత డిక్కీ, వెనక చక్రాల పైనుండే రేకు. ఆ తర్వాత ఫ్లోర్. డోర్లు చివర్లో, అదీ కారులో పాటలు బాగా వినేవాళ్లైతే.

నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 16 అంగుళాల అలాయ్స్, టైర్ సైజు 195/55 ఆర్16. ఉండేది హైదరాబాద్, సొంతూరు తెనాలి దగ్గర, అందుకని సిటీలో కన్నా విజయవాడ హైవే మీదే ఎక్కువ తిరిగింది. మా నాన్నగారు చెవి మిషన్ పెట్టుకుంటారు, ఆ మిషన్ మన మాటతో పాటు ఈ హోరుని కూడా పెంచి చెవిలో పోస్తుందంట, బండి 80 దాటిందంటే ఆయన మిషన్ తీసి జేబులో వేసేసుకునేవారు, ఇక సూర్యాపేటలో టీకి ఆగేదాకా వెనక సీట్లో అమ్మ చెప్పేది ఆయనకి వినపడదు, ఆయన అడిగేది మాకు అర్థం కాదు. మూడు నాలుగు గంటలు ఒకే కారులో కూర్చుని మాట్లాడుకోలేకపోవడం నాకు చాలా బాధగా ఉండేది. ఈ పని మీద అంత పట్టుగా కూర్చోడానికి కారణం అదే.

షీట్ల సంగతికి ముందు సౌండ్ ఎక్కడిదో తేల్చుకోండి, దీనికి పైసా ఖర్చు లేదు. సుమారు 50 దాటాక మామూలు పెట్రోల్ కారులో ఇంజిన్ కన్నా టైర్ల సౌండే ఎక్కువ. ఖాళీ రోడ్డు చూసుకుని 80లో పోతున్నప్పుడు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి రెండు సెకన్లు క్లచ్ తొక్కండి, ఆర్పీఎం పడిపోయినా హోరు అలాగే ఉందంటే అది ఇంజిన్‌ది కాదు. తర్వాత రోడ్డు మారే చోట వినండి. నున్నటి కొత్త తారు మీద నుంచి కంకర తేలిన పాత రోడ్డు మీదకి ఎక్కగానే గోల ఒక్కసారిగా పెరిగితే అది టైర్లది, రోడ్డు ఎలా ఉన్నా మారకుండా అద్దాల దగ్గర ఈల లాగా వస్తుంటే అది గాలిది. పొడుగాటి మలుపులో ఒక వైపు తిరిగితే పెరిగి రెండో వైపు తిరిగితే తగ్గే ఊఁ అనే మూలుగు ఉంటే మాత్రం వీల్ బేరింగ్ అయ్యుండొచ్చు, అది షీట్లు వేసి కప్పెట్టే సౌండ్ కాదు, వెంటనే మెకానిక్‌కి చూపించండి. ఇంకో మాట, డ్రైవర్ సీట్లో కూర్చుని ఏదీ తేల్చకండి. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ సీట్లకీ మధ్య ఒక పల్చటి పార్సెల్ ట్రే తప్ప ఏమీ ఉండదు, వెనక చక్రాల మోత మొత్తం వెనక కూర్చున్నవాళ్ల నెత్తి మీదే పడుతుంది. ఇంట్లో ఎవరికైనా స్టీరింగ్ ఇచ్చి మీరు వెనక కూర్చుని ఒకసారి వినండి, అప్పుడు తెలుస్తుంది.

హోరు లోపలికి వచ్చే దార్లు రెండు. ఒకటి, రోడ్డు గరుకు వల్ల టైర్ అదిరి, ఆ అదురు సస్పెన్షన్ గుండా బాడీకి ఎక్కి, ఫ్లోర్ రేకు, డిక్కీ రేకు డప్పుల్లా మోగడం. ఇది బొంగురుగా ఉండే లో ఫ్రీక్వెన్సీ, చెవి కన్నా ఒంటికి ఎక్కువ తెలుస్తుంది, తలనొప్పి తెప్పించేది ఇదే. రెండోది గాల్లోంచి వచ్చే స్స్ అనే సౌండ్, టైర్ గాళ్లలో గాలి నలిగి బయటికొచ్చేటప్పుడు పుట్టేది, అద్దాల్లోంచీ డోర్ అంచు రబ్బరు (బీడింగ్) సందుల్లోంచీ దూరుతుంది. బ్యూటైల్ షీట్ (అదరకుండా రేకుకి అంటించే రబ్బరు లాంటి షీట్) మొదటిదానికి మందు, రెండోదానికి దాంతో పెద్దగా పని లేదు. షాపులో ఈ తేడా ఎవరూ చెప్పరు, ఒకే షీటుతో అన్నీ పోతాయంటారు.

గాలి సంగతి. మన దగ్గర గాలి కొట్టే చోట అడక్కుండానే 38, 40 కొట్టేస్తారు, హైవే కదా సార్ అంటారు. నా బండికి డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నది 33. ఎక్కువ గాలి ఉంటే టైర్ గట్టిపడి చిన్న గతుకు కూడా లోపలికి కొడుతుంది. పొద్దున్నే టైర్ చల్లగా ఉన్నప్పుడు చూసుకుని స్టిక్కర్ మీద ఉన్నంతే పెట్టుకోండి. తగ్గిస్తే ఇంకా సైలెంట్ అవుతుంది కదా అని స్టిక్కర్ కన్నా తక్కువ మాత్రం వద్దు, మన ఎండల్లో తక్కువ గాలితో స్పీడుగా పోతే టైర్ కాగిపోయి పేలే ప్రమాదం ఉంది. నైట్రోజన్ వల్ల సౌండ్‌లో తేడా ఏమీ లేదు.

అన్నిటికన్నా పెద్ద మార్పు టైర్లతోనే వచ్చింది. కంపెనీ నుంచి వచ్చినవి 40 వేల కిలోమీటర్లకి దగ్గర పడే సరికి రబ్బరు గట్టిపడిపోయింది, వెనక టైర్ల మీద చెయ్యి ఒక వైపుకి రాస్తే నున్నగా, రెండో వైపుకి రాస్తే రంపం పళ్లలా తగిలేది. ముందు చక్రాలు లాగే కార్లలో వెనక టైర్ల మీద బరువు తక్కువ, రొటేషన్ (ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం) చేయించకపోతే ఏ బ్రాండ్ అయినా ఇలాగే అరుగుతుంది, అప్పుడు వచ్చే గుర్ర్ అనే సౌండ్ అచ్చం బేరింగ్ పోయినట్టే ఉంటుంది. నేను మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ వేయించా. షోరూమ్ నుంచి బయటికొచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే తెలిసిపోయింది, ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి చూస్తే 100 దగ్గర మూడు దాకా తగ్గింది. మూడేనా అనుకోవద్దు, 3 డెసిబెల్స్ అంటే సౌండ్ ఎనర్జీ సగం అయినట్టు. అయితే చెవికి సగం అయినట్టు అనిపించాలంటే దాదాపు 10 తగ్గాలి, అది ఏ ఒక్క పనితోనూ రాదు, కాబట్టి 50 శాతం తగ్గిస్తాం అనే మాట ఎవరన్నా చెప్తే దేంట్లో 50 శాతమో అడగండి. ఫోన్ యాప్ చూపించే నంబరుని వేరేవాళ్ల నంబరుతో పోల్చుకోవద్దు, అదే ఫోను అదే చోట పెట్టి ముందూ వెనకా చూసుకోడానికి పనికొస్తుంది అంతే. పైగా మామూలుగా ఆ యాప్‌లు చూపించేది ‘ఎ-వెయిటింగ్’ (dBA) అనే లెక్క, అందులో ఆ బొంగురు సౌండ్ సగం లెక్కలోకే రాదు.

టైర్ కొనేటప్పుడు పక్కన ముద్రించిన నాలుగంకెల డేట్ చూడండి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. ఏళ్లు షాపులో పడున్న టైర్ కొత్తదైనా రబ్బరు గట్టిపడుతుంది. నెట్‌లో యూరప్ లేబుల్ మీద డెసిబెల్స్, పక్కన ఏ, బీ, సీ అని కనిపిస్తాయి, అది బండి 80లో దొర్లుతూ పోతుంటే రోడ్డు పక్కన మైకు పెట్టి కొలిచిన సౌండ్, కారు లోపల ఎంత ఉంటుందో దాన్ని బట్టి కచ్చితంగా చెప్పలేం. లోపల ఫోమ్ అంటించి వచ్చే టైర్లు కూడా ఉన్నాయి, టైర్ లోపలి గాలి ఒక బోలు డబ్బాలా 200 హెర్ట్జ్ పైన మోగే సౌండ్‌ని ఆ ఫోమ్ తగ్గిస్తుంది, కానీ అవి ఎక్కువగా పెద్ద కార్ల సైజుల్లోనే దొరుకుతాయి. వీడియోలు చూసి మామూలు టైర్ లోపల మీరే స్పాంజ్ అంటించడం మాత్రం దయచేసి చేయకండి, ఊడిపోతే బ్యాలెన్స్ పోతుంది, పంక్చర్ వేసేవాడికీ నరకం.

ఇక డిక్కీ. స్టెప్నీ, కార్పెట్, పక్క ప్లాస్టిక్‌లు తీసి చూస్తే వెనక చక్రాల పైన ఒట్టి రేకు, పెయింట్ తప్ప ఏమీ లేదు. వేలితో కొడితే టంగ్ అంటుంది. 2 ఎం‌ఎం బ్యూటైల్ షీట్ వేసి రోలర్‌తో గట్టిగా అదిమాక కొడితే డబ్ అని ఆగిపోతుంది, ఆ తేడానే రోడ్డు మీద వినపడేది. మొత్తం కప్పక్కర్లేదు, రేకు మధ్యలో పాతిక ముప్పై శాతం కప్పితే అదురు చాలావరకు పోతుంది, ఆ పైన వేసేదానికి డబ్బులూ బరువూ తప్ప లాభం తక్కువ. దాని మీద నీళ్లు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ 6 ఎం‌ఎంది వేయించా. పాత దుప్పట్లు, మామూలు స్పాంజ్ పెట్టేవాళ్లున్నారు, వానాకాలంలో తడి పట్టి వాసనొస్తాయి, కింద తుప్పు మొదలవుతుంది. బయట వైపు వెనక మడ్‌గార్డ్ లోపల ప్లాస్టిక్ లైనర్ కూడా నా వేరియంట్‌లో లేదు, అది పెట్టించాక గులకరాళ్లు టపటపా కొట్టే సౌండ్, వాన నీళ్లు చర్రున కొట్టే సౌండ్ బాగా తగ్గాయి. ఈ మొత్తం పనికి నేను డోర్లకి పెట్టినదాంట్లో సగం కూడా కాలేదు, కానీ టైర్ల తర్వాత నాన్నగారు తనంతట తాను గమనించి చెప్పిన మార్పు ఇదొక్కటే. నార్కెట్‌పల్లి దాటినా మిషన్ చెవిలోనే ఉంది, నందిగామ దాకా పొలం కౌలు గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

షీట్లలో తారువి, బ్యూటైల్‌వి అని రెండు రకాలు, ధర తక్కువని తారువి వేయించకండి. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండలో కారు బయట పెడితే తారు కరిగి జారుతుంది, లోపలంతా రోడ్డు వేసే వాసన. నా బ్యూటైల్ షీట్లు నాలుగు ఎండాకాలాలు చూశాయి, మొన్న డిక్కీ తీసి చూస్తే ఒక్క మూల కూడా లేవలేదు. అంటించే ముందు రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, జిడ్డు మీద ఏ షీటూ నిలవదు.

ఫ్లోర్ పనికి సీట్లు, కార్పెట్ మొత్తం తీయాలి, రోజంతా పడుతుంది. ఫలితం బానే ఉంది, కాళ్ల కింద అదురు తగ్గింది, కానీ డిక్కీ పనంత తేడా అనిపించలేదు. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ తీసి కాసేపు ఆగాకే వాటిని ముట్టుకోవాలి, అవి ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి స్కానర్ పెట్టేదాకా పోదు. పని చేసేవాళ్లకి ఇది తెలుసో లేదో ముందే అడగండి. పిల్లర్ల మీద, రూఫ్ అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట ఏదీ అంటించనివ్వద్దు.

డోర్లు చేయించాక స్పీకర్ల బేస్ అద్భుతంగా మారింది, డోర్ వేస్తే పెద్ద కారు డోర్ లాగా డబ్ మంటుంది, అందుకే షాపుల్లో ముందు ఇదే చూపిస్తారు. హైవే మీద టైర్ల హోరుకి మాత్రం కొంచెమే పనికొచ్చింది, ఎందుకంటే ఆ హోరు ఎక్కువగా వచ్చేది కింద నుంచీ వెనక నుంచీ. డోర్ అడుగున నీళ్లు పోయే కన్నాలు మూసేయకుండా చూడండి, మూస్తే వాన నీళ్లు లోపలే నిలిచి తుప్పు పడుతుంది. డోర్ లోపల నీళ్లు రాకుండా కంపెనీ వేసిన ప్లాస్టిక్ షీట్ తిరిగి సరిగ్గా అంటించారో లేదో పైప్‌తో నీళ్లు కొట్టించి చూసుకున్నాకే డబ్బులివ్వండి. నాకు ఒక డోర్‌కి అంటించకుండా వదిలేశారు, మొదటి వానకే కాళ్ల దగ్గర మ్యాట్ తడిసిపోయింది, మళ్లీ విప్పించాల్సి వచ్చింది.

చిన్నవి చెప్పాలంటే, ఎక్స్‌ట్రా రబ్బర్ బీడింగ్ గాలి ఈలకి పనికొస్తుంది, టైర్లకి కాదు, మందం ఎక్కువైతే డోర్ సరిగ్గా పడదు. 7డీ మ్యాట్లు కార్పెట్ శుభ్రంగా ఉండడానికి బావుంటాయి, సౌండ్‌కి నాకేం తేడా తెలీలేదు. కారు అడుగున వేసే కోటింగ్ తుప్పు పట్టకుండా మంచిది, హోరుకి కాదు. బోనెట్ కింద షీట్ ఇంజిన్ సౌండ్‌కి మాత్రమే. రూఫ్‌కి వేయిస్తే వానలో రేకుల షెడ్డు కింద కూర్చున్నట్టుండే మోత తగ్గుతుంది, కోస్తాలో ఉండేవాళ్లకి అది మంచి ఖర్చే. హోరు తగ్గాక ఇన్నాళ్లూ దాని కింద దాక్కున్న కిరకిరలన్నీ బయటపడతాయి, పార్సెల్ ట్రే, సీట్ బెల్ట్ బకిల్, గ్లవ్ బాక్స్, వీటికి ఫెల్ట్ టేప్ చాలు. మొత్తం బరువు 20 కిలోల దాకా పెరిగింది, మైలేజీలో తేడా కనపడలేదు.

ఈ నాలుగేళ్లలో కొత్త టైర్ల సైలెన్స్ నిలబెట్టింది రొటేషనే. 8 వేలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి, దాంతో పాటు అలైన్‌మెంట్. 25 వేలు దాటాక సౌండ్ కొంచెం పెరిగింది, అయినా పాత టైర్ల దరిదాపుల్లోకి రాలేదు. తగ్గనిది ఒకటుంది, కాంక్రీట్ రోడ్డు. అడ్డంగా గాళ్లు కోసిన సిమెంట్ మీద వచ్చే ఆ కూత ఏం చేసినా లోపలికొస్తుంది, మా అన్నయ్య దగ్గరికి ముంబై వెళ్లినప్పుడు పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద స్పీడు తగ్గించుకోవడం ఒక్కటే పనిచేసింది, 100 నుంచి 80కి దిగితే టైర్ సౌండ్ మళ్లీ ఓ 3 డెసిబెల్స్ తగ్గుద్ది.

ఇప్పుడున్న టైర్లు అరిగాక 15 అంగుళాల వీల్స్‌కి దిగాలనుకుంటున్నా. ఇదే కారు కింది వేరియంట్‌కి కంపెనీయే 185/65 ఆర్15 ఇస్తుంది, రెండు సైజుల మొత్తం ఎత్తూ 621 ఎం‌ఎం దగ్గరే కాబట్టి స్పీడోమీటర్‌కి తేడా రాదు, సైడ్‌వాల్ (రిమ్‌కీ రోడ్డుకీ మధ్య అదురుని తట్టుకునే రబ్బరు గోడ) మాత్రం 107 ఎం‌ఎం నుంచి 120కి పెరుగుతుంది, టైర్ వెడల్పు కూడా ఒక మెట్టు తగ్గుతుంది. చూడ్డానికి 16 బావుంటుందని మా అబ్బాయి ఒప్పుకోవట్లేదు, నేనైతే 15కే ఫిక్సయ్యా, ఇలా దిగినవాళ్లెవరైనా ఉంటే వెనక సీట్లో తేడా ఎలా ఉందో చెప్పండి.