గేమింగ్ పీసీకి రెండు గ్రాఫిక్స్ కార్డులా, ఒక్కటా: ఏది మేలు?

ఉన్న కార్డు పక్కన అలాంటిదే ఇంకొకటి సెకండ్ హ్యాండ్‌లో కొని పెడితే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) రెట్టింపు అవుతుందా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. గేముల కోసమే అయితే వద్దు. పాతది అమ్మేసి, రెండోదానికి పెట్టాలనుకున్న డబ్బు కూడా కలిపి ఒక్క పెద్ద కార్డు కొనండి.

ఒకప్పుడు జవాబు ఇంత తేలిగ్గా ఉండేది కాదు. 1998లో వూడూ2 అనే గ్రాఫిక్స్ కార్డులు రెండు కలిపితే స్క్రీన్ మీద సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఒకటి గీసేవి. ఆ పద్ధతి పేరు ఎస్ఎల్ఐ. ఆ పేరునే ఎన్విడియా 2004లో మళ్లీ తెచ్చింది. మరుసటి ఏడాది దానికి పోటీగా ఏటీఐ కంపెనీ క్రాస్‌ఫైర్ వచ్చింది. ఈసారి ఎక్కువగా వాడిన పద్ధతి వేరు: ఒక ఫ్రేమ్ ఈ కార్డుకు, తర్వాతి ఫ్రేమ్ ఆ కార్డుకు.

చిక్కంతా అక్కడే. ఒక ఫ్రేమ్ 5 మిల్లీ సెకన్లకు, తర్వాతిది 28 మిల్లీ సెకన్లకు వచ్చిందనుకోండి. సగటు లెక్కలో 60 ఎఫ్‌పీఎస్ కనిపిస్తుంది, కంటికి మాత్రం 36 దగ్గరే ఆగినట్టు ఉంటుంది. దీన్నే మైక్రో స్టట్టర్ అంటారు. పైగా టీఏఏ (బొమ్మ అంచుల గరుకుదనాన్ని నునుపు చేసే పద్ధతి) వాడే నేటి గేములు కొత్త ఫ్రేమ్ గీయడానికి పాత ఫ్రేమ్‌ను చూస్తాయి. అదేమో పక్క కార్డులో ఉంటుంది! దాన్ని తెచ్చుకునేలోపు లాభం కాస్తా ఆవిరి. మెమరీ కూడా కలవదు. రెండు 8 జీబీ కార్డులు పెట్టినా, ఒకే టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలాల బొమ్మలు) రెండింటిలోనూ ఉండాలి కాబట్టి గేముకు దక్కేది 8 జీబీయే.

కంపెనీలు కూడా చేతులెత్తేశాయి. ఎన్విడియా ఆర్టీఎక్స్ 30 సిరీస్‌లో 3090, 3090 టీఐలకు మాత్రమే రెండు కార్డుల్ని జోడించే కనెక్టర్ ఉంది, 4090లో అదీ తీసేశారు. పాత కార్డులకు కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు (ఒక్కో గేముకు డ్రైవర్‌లో పెట్టే సెట్టింగులు) ఇవ్వడం 2021 జనవరి నుంచి ఆపేశారు. విండోస్ గేములు వాడే డైరెక్ట్ఎక్స్ 12లో రెండు కార్డులు వాడే దారి ఉన్నా, ఆ పని గేమ్ తయారుచేసేవాళ్ల నెత్తిన పడింది. గుప్పెడు మంది ఆటగాళ్ల కోసం అంత కష్టం ఎవరు పడతారు?

కరెంటు సంగతి సరేసరి. 3090 ఒక్కటే 350 వాట్లు, రెండైతే కార్డులకే 700. కింది కార్డు వదిలే వేడిగాలిని పైది పీల్చుకుంటుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో ఈ సెటప్ నడిపితే మీరు కూడా ఉడుకుతారు.

గేములు దాటితే నా మాట మారుతుంది. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ రెండరర్‌లో రెండు కార్డులూ పని పంచుకుంటాయి, రెండర్ టైమ్ దాదాపు సగానికి పడుతుంది. ఇంట్లో ఏఐ మోడల్ నడపాలన్నా రెండు 3090లు మంచి జోడీ: మోడల్‌ను ముక్కలుగా పంచుకుంటాయి కాబట్టి 24, 24 కలిసి నిజంగానే 48 జీబీ అవుతుంది.

గేముల్లో రెండో కార్డుకు మిగిలింది ఒక్క పని. లాస్‌లెస్ స్కేలింగ్ అనే యాప్‌లో ఫ్రేమ్ జనరేషన్‌ను (అసలు ఫ్రేముల మధ్య అదనపు ఫ్రేములు పుట్టించే పనిని) దానికి అప్పగించవచ్చు. అందుకు మానిటర్ కేబుల్‌ను రెండో కార్డుకు పెట్టాలి. పాత కార్డు ఎలాగూ ఇంట్లోనే పడి ఉంటే ప్రయత్నించండి, దీనికోసం కొత్తగా మాత్రం కొనకండి.