పాత సిస్టమ్‌కి ఏది మేలు: విండోస్ పదా, పదకొండా, లైనక్స్ మింటా?

అమలాపురంలో చిన్న డీటీపీ షాపు మాది. ఉన్నవి రెండు సిస్టమ్‌లు, రెండూ ఇంటెల్ ఆరో జనరేషన్ ప్రాసెసర్‌వి, ఎస్ఎస్‌డీ వేయించాక ఇప్పటికీ పరిగెడుతున్నాయి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, అప్పటినుంచీ తోటి షాపులవాళ్లందరిదీ ఒకటే టెన్షన్.

పదకొండు సంగతి ముందు తేల్చేద్దాం. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే. మావాటికి రాదు. చెకింగ్ తప్పించి ఎక్కించే దారులున్నాయి గానీ, అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, మనం మారేదే అప్‌డేట్ల కోసమాయె. కొత్త సిస్టమ్ కొనేవాళ్లకి ఈ గొడవే లేదు.

మింట్ అంటే విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్, ఉచితం. 4 జీబీ ర్యామ్‌తో సాఫీగా నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ప్రింటర్ పలుకుతుందో లేదో చూసుకోవచ్చు. పిల్లల చదువుకీ, ఆన్‌లైన్ అప్లికేషన్లకీ నేను కళ్లు మూసుకుని ఇదే చెబుతాను. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లున్నాయి.

కానీ మా కూడు 'అను' అనే తెలుగు ఫాంట్లలో ఉందండీ. పెళ్లి శుభలేఖ, పెద్దకర్మ కార్డు, కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫ్లెక్సీ, అన్నీ పేజీలు కూర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ 7లోనే, అదేమో 2001 నాటిది. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి, అందుకే ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే 'శ్రీరస్తు' కాస్తా పిచ్చి గుర్తుల వరసైపోతుంది. పైగా వేళ్లకి అలవాటైన కీబోర్డు విండోస్‌లోనే ఉంది. మింట్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే 'వైన్' అనే సాఫ్ట్‌వేర్ పెట్టి తంటాలు పడొచ్చు, కానీ పెళ్లివారు ఎదురుగా కూర్చుని "మేనమామ పేరు పైకి జరపండి" అంటున్నప్పుడు ఆ ప్రయోగాలు కుదరవు. భీమవరం వైపు చెరువుల లెక్కలు విండోస్‌లోనే నడిచే ట్యాలీలో వేసేవాళ్లదీ ఇదే బాధ.

ఇళ్లలో వాడుకునేవాళ్లు ఈఎస్‌యూ అనే మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకంలో చేరితే పదికి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లొస్తాయి, అంతే. దాని మీద షాపు నడపలేం.

అందుకే ఒకదాంట్లో పదినే ఉంచి నెట్ కేబుల్ పీకేశాను, రెండోదాంట్లో మింట్ ఎక్కించాను. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ నేరుగా పదిలో పెట్టొద్దని మా కుర్రాడికి గట్టిగా చెప్పా: ముందు మింట్‌లో తెరిచి, కావలసిన ఫొటోలు మాత్రం మన పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, అప్పుడు ఇటు.