పెన్నులు తిప్పే చిన్న లేత్‌కు ముందుగా కొనవలసిన చక్ ఏది?

విశాఖపట్నంలో లేత్ పని తెలిసినవారికి కొదవ లేదు. గాజువాక ఆటోనగర్‌కు వెళ్తే ఇనుప షాఫ్టును చెప్పిన కొలతకు తిప్పి చేతిలో పెడతారు. కానీ 19 మిల్లీమీటర్ల చదరపు కర్రముక్కలో 7 మిల్లీమీటర్ల రంధ్రం వేసి పెన్ను చేయడానికి ఏ చక్ (కర్రముక్కను గానీ డ్రిల్ బిట్టును గానీ బిగించి పట్టే సాధనం) కొనాలని అడిగితే, వింతగా చూసి నవ్వేవారే ఎక్కువ. అందుచేత రెండేళ్లుగా నేను కొని, వాడి, కొంత డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

చక్ కొనే ముందు లేత్‌కు సంబంధించిన రెండు కొలతలు చూసుకోవాలి. నా లేత్‌లో స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) థ్రెడ్ ఒక అంగుళం, అంగుళానికి 8 చుట్లు. దానికి ఎదురుగా ఉండే టెయిల్‌స్టాక్‌లో రెండో నంబరు మోర్స్ టేపరు, అంటే డ్రిల్ చక్ కాడ బిగుసుకునే, క్రమంగా సన్నబడే రంధ్రం ఉంది. కొన్ని లేత్‌లకు ఎం33, అంటే 33 మిల్లీమీటర్ల థ్రెడ్ ఉంటుంది కనుక, బొమ్మ చూసి ఆర్డరు పెడితే చక్ బిగియదు.

నేను మొదట కొన్నది నాలుగు జాల (ముక్కను పట్టే దవడల) స్క్రోల్ చక్, అంటే జాలన్నీ ఒకేసారి కదిలే చక్. గిన్నెలు తిప్పడానికి అది దివ్యమైనదే కానీ, దాని మామూలు జాలు పొడవాటి సన్నని బ్లాంకును (పెన్నుగా తిప్పబోయే ముక్కను) ఒక కొసన మాత్రమే పట్టుకోవడం వల్ల రెండో కొస ఊగుతుంది. తరువాత తెప్పించిన పెన్ను బ్లాంకు జాలు, అంటే వి ఆకారపు గాడి ఉన్న రెండు పొడవాటి జాలు, ఈ ఇబ్బందిని పూర్తిగా తీర్చాయి. చదరపు ముక్కనైనా గుండ్రటి ముక్కనైనా చాలా పొడవున గట్టిగా పట్టుకుంటాయి. మూడవది ఈఆర్32 కొల్లెట్ చక్, అంటే చీలికలున్న గొట్టంతో ముక్కను చుట్టూ నొక్కి పట్టేది. పట్టులో దానికి సాటి లేదు, అయితే అది 20 మిల్లీమీటర్ల వరకు గుండ్రటి ముక్కలనే తీసుకుంటుంది. 19 మిల్లీమీటర్ల చదరానికి మూల నుండి మూలకు దాదాపు 27 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, ముందే గుండ్రంగా తిప్పుకోని బ్లాంకు అందులో దూరనే దూరదు. కొత్తవారికి అది అవసరం లేదని నా అభిప్రాయం.

ఇంత రాసినా, నా పెన్నులు చెడినది ఈ మూడింటి వల్ల కాదు. బ్లాంకు కొద్దిగా పక్కకు బిగిసిందనుకోండి, రంధ్రం మధ్యకు కాక పక్కకు పడుతుంది, అంతే. తరువాత ఇత్తడి ట్యూబు అతికించి, ఆ ట్యూబునే ఆధారం చేసుకుని పైభాగం తిప్పుతాము కనుక ఆ తేడా పొట్టుగా రాలిపోతుంది. రంగురంగుల ముక్కలు అతికించి చేసిన బ్లాంకులైతే మాత్రం ఇది కుదరదు. టెయిల్‌స్టాక్‌లో ఉండి బిట్టును పట్టే డ్రిల్ చక్ గురి తప్పితే కథ వేరు. లేత్ మీద తిరిగేది కర్ర, కదలకుండా ఉండేది బిట్టు; కర్ర తిరిగే ఇరుసుకు ఆ బిట్టు పక్కగా ఉంటే రంధ్రాన్ని వెడల్పు చేస్తూ పోతుంది.

నేను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర చవకగా కొన్న కీలెస్ (కీ లేకుండా చేత్తోనే బిగించే) డ్రిల్ చక్‌తో ఇదే జరిగింది. అంకుడు కర్రలో రంధ్రం వేసి, జిగురు పెట్టకముందు ట్యూబును చొప్పించి చూస్తే, అది ఎక్కడా ఆగకుండా జారి టక్కున బల్ల మీద పడింది. తప్పు కర్రదే అనుకుని అలాంటివే మూడు ముక్కలు పాడుచేశాను. చివరకు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దానికి డయల్ గేజి (గురిలో సన్నని తేడాను కూడా చూపే సాధనం) పెట్టి చూసి, "ముందు దీన్ని మార్చండి సార్, కర్రను తిట్టకండి" అన్నారు. అమ్మినవారు వాపసు తీసుకోలేదు. తరువాత కొన్న 13 మిల్లీమీటర్ల కీ చక్‌తో ట్యూబు వేలితో నెట్టితే నిదానంగా లోపలికి వెళ్తోంది. కనుక డబ్బు పరిమితంగా ఉన్నవారు మంచి డ్రిల్ చక్‌ను ముందు, పెన్ను జాలను తరువాత కొనాలి.

బిట్ల విషయంలో పెద్దగా చెప్పేది లేదు. మామూలు 7 మిల్లీమీటర్ల బిట్టులో గాడి పొడవు 69 మిల్లీమీటర్లు, కనుక సన్నని రెండు ముక్కల పెన్నుకు సరిపోతుంది. ముందు సెంటర్ డ్రిల్‌తో గుంట పెట్టుకుని, వేగం తగ్గించి, కాస్త లోపలికి వెళ్లగానే వెనక్కు లాగి పొట్టు దులపాలి. లేకపోతే తుమ్మ కర్ర వేడికి పగులుతుంది, అక్రిలిక్ కరిగి బిట్టుకు పట్టుకుంటుంది. బ్లాంకును కొంచెం పొడవుగా ఉంచి, రంధ్రం అవతలికి పోకముందే ఆపి, ఆ కొసను రంపంతో కోసేస్తే అంచు చిట్లదు. బిట్టు వెనక్కు తీసేటప్పుడు డ్రిల్ చక్‌ను ఎడమ చేత్తో పట్టుకోవాలి, లేకపోతే టేపరు ఊడి బిట్టుతో సహా తిరగడం మొదలుపెడుతుంది.

ఇక సముద్రపు గాలి. నా చక్‌ను ఒక వర్షాకాలం తుడవకుండా వదిలేస్తే, జాల మధ్య ఎర్రటి తుప్పు పట్టి కీ తిరగడం మానేసింది. ఇప్పుడు పని అయిన వెంటనే కుట్టుమిషను నూనె రాసి, మోర్స్ టేపరును మాత్రం పొడిగుడ్డతో తుడిచి పెడుతున్నాను, ఎందుకంటే నూనె అంటిన టేపరు టెయిల్‌స్టాక్‌లో నిలవదు.