పెట్టె బంగారం, తాళంతోనే నా పేచీ

నాకు పేచీ పెట్టెతో లేదు. దానికి వేసిన అంకెల తాళంతో, అందులోనూ ఆ తాళం పక్కన గోరంత ఉండే, అంకె మార్చుకునే రీసెట్ మీటతో. జియోకాషింగ్ (ఒకరు దాచిన పెట్టెని, అంటే కాష్‌ని, ఇంకొకరు జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునే ఆట) కోసం తాళం ఎంచుకునేవాళ్ళు చక్రాలు మూడా నాలుగా, తాళం వంపు కమ్మీ పెట్టె రంధ్రంలో పడుతుందా లేదా అని చూసుకుంటారు. మీట ఎంత తేలిగ్గా కదులుతోందో వేలితో తోసి చూసేవాళ్ళు తక్కువ. ఇన్నాళ్ళు వాడాక చెబుతున్నాను, ముందు చూడాల్సింది దాన్నే.

పెట్టె సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఫోను, చిన్న కెమెరా తడవకుండా పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ డ్రై బాక్స్. లీటరు లోపే పడుతుంది, అంటే కాష్ సైజుల్లో స్మాల్ కిందికి వస్తుంది. మూతకీ అడుక్కీ ముందు వైపు ఒక్కో చెవి ఉంది, రెండిట్లో ఎదురెదురుగా రంధ్రాలున్నాయి. ఆ రంధ్రాలు మూత చుట్టూ నీళ్ళని ఆపే రబ్బరు వరసకి బయట ఉండటం చూసే దీన్ని తీసుకున్నాను. మామూలు డబ్బాకి సొంతంగా కొండీ బిగించేవాళ్ళు తరచుగా రబ్బరుకి లోపలి వైపు మరలు దించుతారు. ఎంత జిగురు పూసినా కొన్నాళ్ళకి ఆ మర పక్కనుంచే నీళ్ళు దిగుతాయి. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఏ డబ్బా తీసుకున్నా సరే, డ్రిల్లు ఆ రబ్బరు గీత దాటి లోపలికి రాకూడదు. రెండు వైపులా మూతలు బిగించిన పైపు జోలికి మాత్రం వెళ్ళకండి. దాన్ని చూసిన బాటసారికి బాంబు గుర్తొస్తుంది, కాష్ గుర్తుకురాదు. అసలు తాళం వేసిన పెట్టె ఏదైనా అనుమానం రేపేదే కాబట్టి, ఇది ఆటకి సంబంధించినదని పెద్ద అక్షరాలతో బయటే రాసి అంటించాను.

కాష్‌కి తాళమేమిటని ముఖం చిట్లించేవాళ్ళు ఉన్నారు. 2000 మే 3న ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ పెట్టిన మొట్టమొదటి కాష్ ఒక ప్లాస్టిక్ బకెట్టు కదా, దానికి తాళం ఉందా అని అడుగుతారు. నిజమే, మామూలు కాష్‌కి తాళం దండగే. నాది మిస్టరీ కాష్, అంటే ముందు పజిల్ విప్పాల్సిన రకం. పజిల్ విప్పితే వచ్చే నాలుగంకెలే తాళం తీస్తాయి. దొంగ రాకుండా అని నేను తాళం వేయలేదు, దొంగయితే పెట్టెనే ఎత్తుకుపోతాడు. విప్పినవాళ్ళు తమ జవాబు ఒప్పేనని ఆ టక్కుమనే చప్పుడుతో తెలుసుకోవాలనే వేశాను.

ఈ తాళం వల్ల నేను అనుకోని మేలు ఒకటి జరిగింది. ఎంత మంచి పెట్టెయినా మూత సరిగ్గా నొక్కకుండా వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, చాలా కాష్‌లలో లాగ్ పుస్తకం (పెట్టె దొరికినవాళ్ళు సంతకం చేసేది) ముద్దయ్యేది ఆ కారణంగానే. ఈ పెట్టెకి మూత పూర్తిగా దిగకపోతే చెవుల రంధ్రాలు ఎదురెదురు పడవు, కమ్మీ దూరదు. తాళం వేయాలంటే మూత నొక్కక తప్పదు. మూత నొక్కమని నేను ఏ బోర్డూ రాయకుండానే, ఎవరికీ చెప్పకుండానే, వచ్చిన ప్రతి ఒక్కరూ మూత బిగించి వెళ్ళారు. మొదటి వానాకాలం దాటాక తెరిచి చూస్తే కాగితం గలగలలాడుతోంది. ఎంత సంతోషమేసిందో!

ఆ తర్వాత మొదలైంది మీట బాధ.

ఒకరు ఆట వెబ్‌సైట్లో లాగ్ రాశారు: పజిల్ విప్పాం, జవాబు సరిచూసుకున్నాం, పెట్టె దొరికింది, తాళం మాత్రం రావడం లేదు. కొన్నాళ్ళకి ఇంకొకరు అదే మాట రాశారు. నేను వెళ్ళి నా అంకె నేనే పెట్టి చూశాను, రాలేదు. బద్దలు కొట్టిన గుర్తులు లేవు, తుప్పూ లేదు. పారదర్శకమైన మూతలోంచి లాగ్ పుస్తకం చక్కగా పొడిగా కనిపిస్తూనే ఉంది, అందుకోలేను.

ఈ రకం తాళంలో పైకి కనిపించే అంకెల చక్రం వేరు, లోపల కమ్మీని పట్టి ఉంచే చక్రం వేరు. మామూలుగా రెండూ కలిసి తిరుగుతాయి. తాళం తెరిచి ఉన్నప్పుడు మీట జరిపితే రెండూ విడిపోతాయి. అప్పుడు పై చక్రాలు తిప్పి మీటని వెనక్కి తోస్తే, ఆ క్షణాన పైన ఏది ఉంటే అదే కొత్త అంకె. ఇంట్లో బల్ల ముందు కూర్చుని అంకె మార్చుకునేవాళ్ళకి ఇది భలే సుఖం. అడవిలో పరిస్థితి వేరు. వెతికి పట్టుకున్న మనిషి తాళం తీసి, పుస్తకంలో సంతకం చేసే లోపు దాన్ని జేబులో పడేసుకుంటాడు. జేబు గుడ్డకి మీట జరుగుతుంది, బొటనవేలు తగిలి చక్రం కదులుతుంది, తిరిగి చెవిలో గుచ్చేటప్పుడు మీట మళ్ళీ వెనక్కి వస్తుంది. అతను మర్యాదగా చక్రాలన్నీ కలిపేసి వెళ్ళిపోతాడు. కొత్త అంకె అతనికీ తెలియదు. అతన్ని ఏమనగలం? పాడు మీట అంత వదులుగా పెట్టినవాళ్ళని అనాలి.

నాలుగు చక్రాలంటే 10,000 అంకెలు, వరసగా తిప్పుకుంటూ పోలేం. కమ్మీని లాగి పట్టుకుని ఒక్కో చక్రమూ తిప్పితే సరైన అంకె దగ్గర వేలికి తేడా తెలుస్తుందంటారు. శుభ్రమైన చవక తాళంలో అది పనిచేస్తుంది. దీంట్లో మట్టి చేరి చక్రాలన్నీ ఒకేలా బిగిశాయి, ఏ తేడా తెలియలేదు. కమ్మీ కోసేద్దామా అనుకుంటుండగా ఒక లెక్క తట్టింది. రాపిడికి మారిన అంకెలో నాలుగు చక్రాలూ మారి ఉండవు, ఒకటో రెండో కదిలి ఉంటాయి. ఒక్కటే కదిలితే చూడాల్సినవి 36. రెండు కదిలితే ఇంకో 486. మొత్తం 522, ఓపిక ఉన్నవాళ్ళకి సాధ్యమే. ముందు 36 అయిపోయాయి, రాలేదు. రెండో గుంపులో చాలా దూరం వెళ్ళాక వచ్చింది. రెండో చక్రం ఒక మెట్టు, నాలుగో చక్రం మూడు మెట్లు జరిగి ఉన్నాయి. మీది మీట ఉన్న తాళమైతే ఈ లెక్క దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు ఆ మీట మీద ఎపాక్సీ జిగురు చుక్క ఉంది. తాళాన్ని మీట పైకి ఉండేలా పడుకోబెట్టి, అగ్గిపుల్లతో ఒకే చుక్క వేసి, గట్టిపడేదాకా కదపలేదు. ఎక్కువైతే చక్రాల్లోకి కారుతుంది. పజిల్ జవాబు ఇక మార్చేది లేదని నిశ్చయించుకున్నాకే ఈ పని చేయాలి. సన్నటి స్టీలు తీగతో తాళాన్ని పెట్టె చెవికి కట్టేశాను కూడా, జేబులోకి వెళ్ళే అవకాశమే లేదు. చక్రాలకి నూనె బదులు గ్రాఫైట్ పొడి వేస్తున్నాను, నూనె మట్టిని పట్టుకుంటుంది.

నీళ్ళ గురించి పైన చెప్పినదానికి ఒక మాట కలపాలి. మూత దిగిందా లేదా అన్నది తాళం చెబుతుంది, రబ్బరు మీద ఏముందో చెప్పదు. లాగ్ పుస్తకం పెట్టిన ప్లాస్టిక్ సంచీ అంచు రబ్బరు మీద పడ్డా కమ్మీ హాయిగా దూరింది, ఆ సందులోంచి చెమ్మ లోపలికి వెళ్ళింది. ఆ సంచీ తీసేసి పుస్తకాన్ని నేరుగా పెట్టాక మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు. వానలో తెరిచి మూస్తే మాత్రం లోపలి గాలిలోని తేమ చల్లటి రాత్రి మూతకి పడుతుంది, దానికి ఏ రబ్బరూ చేయగలిగింది లేదు. సిలికా జెల్ పొట్లం వేసి, నాకు వీలైనప్పుడల్లా మారుస్తున్నాను. రంగు వేయాలనుకునేవాళ్ళు ఒకటి గమనించండి: మూత పాలికార్బొనేట్ అయితే కొన్ని స్ప్రే రంగుల్లోని ద్రావకాలకి సన్నటి పగుళ్ళు వస్తాయి. నేను వేయలేదు, ఆకుపచ్చ గుడ్డ టేపు చుట్టాను.

నా కాష్ నీడలో ఉంది, నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉంది, అందుకే ఇన్ని మరమ్మతులు చేయగలిగాను. అలాంటివాళ్ళకి ఈ పెట్టె, మీటకి ఎపాక్సీ వేసిన ఈ తాళం బాగానే సరిపోతాయి. మళ్ళీ వెళ్ళడానికి నెలలు పట్టే చోట దాచేవాళ్ళయితే పెట్టె ఇదే తీసుకుని, అంకె మార్చడానికి విడిగా పిన్ను కావాల్సిన తాళం వేసి, పిన్ను ఇంట్లో పెట్టుకోండి. సముద్రం పక్కన, ఉప్పు గాలికి ఏ తాళం ఎలా ఉంటుందో నా అనుభవంలో లేదు. నా రెండో కాష్‌కి పెట్టె ఇదే తెచ్చాను, తాళం పిన్ను రకం.