స్టేటస్ లేని పిల్లలకు డెంటల్ సీటు ఇప్పిస్తానంటున్న ఎడిసన్ కన్సల్టెంటుతో జాగ్రత్త

న్యూజెర్సీలో ఎడిసన్, ఐస్లిన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు నేను ఎవరి గురించి రాస్తున్నానో రెండు వాక్యాల్లోనే తెలిసిపోతుంది. డెంటల్, మెడికల్ దరఖాస్తులు నింపిపెడతానని, ఎలాంటి ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అయినా, అంటే దేశంలో ఉండే చట్టబద్ధ అనుమతి లేకపోయినా ఫరవాలేదని వాట్సాప్ గ్రూపుల్లో తరచూ ప్రకటన పెడుతుంటాడే, అతనే. ఉగాది వేడుకల్లో బల్ల వేసుకుని కూర్చునేదీ అతనే. పేరు ఎందుకు రాయడం లేదో కింద చదివితే అర్థమవుతుంది. మీలో ఎవరైనా అతనికి డబ్బు కట్టి, పిల్లల దరఖాస్తు పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే మిగతా పనులు ఆపి ముందు ఇది చదవండి.

మా సంగతి క్లుప్తంగా చెబుతాను. 2009లో మా వారి హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చాం. అప్పటికి అమ్మాయికి ఆరేళ్లు. కంపెనీ మూతపడింది, దానితోపాటే గ్రీన్ కార్డు దరఖాస్తూ పోయింది, తర్వాత స్టేటస్ పోయింది. ఇలాంటి ఇళ్లు మన మధ్య ఉన్నాయని అందరికీ తెలుసు, ఎవరూ పైకి మాట్లాడరు. చిన్నప్పుడే వచ్చి స్టేటస్ లేకుండా పెరిగిన పిల్లలను దేశం నుంచి పంపేయకుండా ఆపే డాకా పథకం అమ్మాయికి వర్తించదు. దానికి 2007 జూన్ 15 నుంచి ఈ దేశంలోనే ఉండి ఉండాలి. ఆ అర్హత ఉన్న పిల్లలకైనా, 2021 జూలైలో టెక్సాస్ కోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి కొత్త దరఖాస్తులు తీసుకుని పక్కన పెడుతున్నారు తప్ప పరిష్కరించడం లేదు. న్యూజెర్సీ 2013లో చేసిన చట్టం పుణ్యమా అని అమ్మాయి ఇన్-స్టేట్ ఫీజుతోనే, అంటే రాష్ట్రంలో ఉండేవాళ్లకు వర్తించే తక్కువ ఫీజుతోనే డిగ్రీ చదివింది. డెంటల్ స్కూలు ప్రవేశానికి రాసే డ్యాట్ పరీక్ష బాగా రాసింది.

దంతవైద్యం మీద దానికి ఇష్టం ఊరికే పుట్టలేదు. వాళ్ల నాన్నకు పంటి నొప్పి వస్తే ఇన్సూరెన్సు లేక నెలల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చారు. చివరికి విద్యార్థులు తక్కువ ఫీజుకు వైద్యం చేసే డెంటల్ స్కూల్ క్లినిక్‌కు తీసుకెళ్లింది మా అమ్మాయే. పక్కన కూర్చుని వాళ్లు చెప్పిన ప్రతి మాటా నాన్నకు తెలుగులో వివరించింది. దరఖాస్తు వ్యాసంలో అదే రాసుకుంది. ఆ వ్యాసాన్ని అతను ఏం చేశాడో కూడా చెబుతాను.

ఆ కన్సల్టెంటు మా ఇంటికి వచ్చాడు, భోజనం చేశాడు. “అక్కా, పాప నాకు మేనకోడలి లాంటిది” అన్నాడు. మూడు స్కూళ్లలో అడ్మిషన్ కమిటీల్లో తనకు మనుషులున్నారని, స్టేటస్ లేని పిల్లల కోసం విడిగా సీట్లు పక్కన పెడతారని, మన దగ్గర మేనేజ్‌మెంట్ కోటా ఎలాగో అలాగేనని చెప్పాడు. అమెరికా డెంటల్ స్కూళ్లలో అలాంటి కోటా ఏదీ లేదు. ఒక్కో స్కూలుకు ఒక్కో విధానం ఉంటుంది. కొన్ని పౌరులను, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటాయి. కొన్ని మన పిల్లలను విదేశీ విద్యార్థుల కింద లెక్కగట్టి, ఫీజు కట్టగలమని బ్యాంకు కాగితాలు చూపించమంటాయి. కొన్ని స్టేటస్‌తో పని లేకుండా చూస్తాయి. ఏ స్కూలు ఏ రకమో నేరుగా ఆ స్కూలు అడ్మిషన్ ఆఫీసును అడిగితే చెబుతారు, ఇంటి పేరు కూడా చెప్పనక్కర్లేదు. ఆ మాత్రం సమాచారానికి అతను తీసుకున్నది 3,500 డాలర్లు. రసీదు లేదు, ఒప్పందం లేదు, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్‌లో పంపమన్నాడు. జెల్‌లో ఒకసారి వెళ్లిన డబ్బు మనంతట మనం రద్దు చేసి వెనక్కి తెచ్చుకునేది కాదు.

డెంటల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తును ఆడ్సాస్ అంటారని మీకు తెలిసే ఉంటుంది. దాని పాస్‌వర్డ్ తీసుకుని, అంతా తానే నింపి సమర్పిస్తానన్నాడు. మార్కుల జాబితాలు చేరాయో లేదో చూద్దామని అమ్మాయి లాగిన్ అయింది. పౌరసత్వం దగ్గర ‘అమెరికా పౌరురాలు’ అని ఉంది. పుట్టిన ఊరు దగ్గర ఎడిసన్ అని ఉంది. నా బిడ్డ ఒంగోలులో పుట్టింది. తన వ్యాసం తీసేసి, ఎవరో అమ్మమ్మ గురించి ఎవరికైనా అతికించగల నాలుగు పేరాలు పెట్టాడు. సమర్పించు అనే బటన్ ఒక్కటే మిగిలి ఉంది.

నేను ఫోను చేసి స్పీకరులో పెట్టాను. మొదట తియ్యగానే మాట్లాడాడు. “కంగారు పడకండి అక్కా, సిటిజన్ అని పెడితేనే ఫైలు కదులుతుంది, ఎవరూ తనిఖీ చేయరు. తర్వాత ఫెడరల్ ఆర్థిక సహాయం కోసం ఫాఫ్సా దరఖాస్తు కూడా ఇలాగే నింపుదాం, సోషల్ సెక్యూరిటీ నంబరు సంగతి నాకు వదిలేయండి” అన్నాడు. మాకు ఆ అబద్ధం వద్దు, మా డబ్బు మాకు ఇచ్చేయండి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత వచ్చిన గొంతు వేరు.

“చూడండి మేడం. మీ పాప పాస్‌పోర్టు కాపీ నా దగ్గర ఉంది. మీ అడ్రసు ఉంది. మీ వీసా ఎప్పుడు అయిపోయిందో మీరే రాసిచ్చిన కాగితం ఉంది. పేరు బయటపెట్టి గొడవ చేస్తే నష్టం నాకు కాదు. మీలాంటి వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకుంటారు?”

మీలాంటి వాళ్లు. మా బల్ల దగ్గర కూర్చుని, గోంగూర మరో ముద్ద వేయించుకుని తిన్న మనిషి ఈ మాట అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే. డబ్బు పోతే ఎలాగో కూడబెట్టుకుంటాం. నా కూతురి ఎదుట, దాని వయసంతా మేము దాని చెవిన పడకుండా కాపాడుకొచ్చిన భయాన్ని బెదిరింపుగా వాడాడు. ఈ రోజుల్లో, తలుపు ఎవరైనా గట్టిగా తడితే చాలు ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరు చూసుకునే ఈ రోజుల్లో! అది తెలిసే అన్నాడు. ఆ భయం మీదే అతని వ్యాపారం నడుస్తోంది. నోరు విప్పలేని వాళ్లనే వెతుక్కుంటాడు, వాళ్ల కాగితాలు ముందుగా తీసి పెట్టుకుంటాడు.

మా అమ్మాయి ఫోను లాక్కుని, “అంకుల్, నా పేరు మీద అబద్ధం రాయడానికి మీకు ఎవరు హక్కు ఇచ్చారు?” అని అడిగింది. ఫోను పెట్టేశాడు. ఇప్పుడు మా నంబర్లన్నీ బ్లాక్ చేశాడు.

పౌరసత్వం అన్న ఆ ఒక్క గడిలో అబద్ధం రాయడం ఎంత ప్రమాదమో ఉచిత న్యాయ సహాయ కేంద్రంలోని ఇమ్మిగ్రేషన్ లాయరు చెప్పాక నాకు ఒళ్లు చల్లబడింది. 1996 చట్టం ప్రకారం, ఫెడరల్ లేదా రాష్ట్ర చట్టాల కింద ఏదైనా ప్రయోజనం కోసం అమెరికా పౌరులమని అబద్ధం చెబితే గ్రీన్ కార్డుకు శాశ్వతంగా అనర్హులు కావచ్చు. రేపు పౌరసత్వం ఉన్న అబ్బాయిని పెళ్లి చేసుకున్నా ఆ మచ్చ పోదు, దానికి మినహాయింపులు దాదాపు లేనట్టే. వీసా గడువు దాటి ఉండిపోవడం కంటే ఇది చాలా పెద్ద తప్పు కింద లెక్క. ఫాఫ్సా అయితే ఫెడరల్ ప్రభుత్వ పత్రం. అందులో రాసిన పౌరసత్వాన్ని సోషల్ సెక్యూరిటీ రికార్డులతో సరిపోల్చుతారు. ‘ఎవరూ తనిఖీ చేయరు’ అన్నది పచ్చి అబద్ధం. స్టేటస్ లేని పిల్లలకూ డాకా పిల్లలకూ ఫెడరల్ విద్యార్థి సహాయం ఎలాగూ రాదు. రాని డబ్బు కోసం నా బిడ్డ జీవితకాలపు దారి మూసేయబోయాడు.

అతను అమ్మే మాటలు ఇంకో రెండున్నాయి, ఇంకెవరికో చెప్పకముందే వాటి సంగతీ రాస్తాను. ఒకటి, సీటు రాకపోతే ఇండియా వెళ్లి బీడీఎస్ చేసి వచ్చేయవచ్చు అన్నది. పద్దెనిమిదేళ్లు నిండాక ఏడాది, ఆపైన స్టేటస్ లేకుండా ఉండి దేశం దాటితే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. మా అమ్మాయికి ఇరవై రెండు. విమానం ఎక్కిన క్షణం నుంచి ఆ లెక్క మొదలవుతుంది. పైగా ఇండియా బీడీఎస్‌తో వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఇక్కడ ప్రాక్టీసు కోసం మళ్లీ రెండు మూడేళ్లు డెంటల్ స్కూలులో చదవాల్సి వస్తుంది. ఇవన్నీ తెలియకుండానే కన్సల్టెంటునని చెప్పుకుంటున్నాడా, తెలిసీ చెప్పడం లేదా అన్నది నాకు అనవసరం. రెండూ పిల్లల గొంతు కోసేవే.

రెండోది, డిగ్రీ వస్తే ఏ రాష్ట్రంలోనైనా లైసెన్సు ఇస్తారన్నది. అదీ నిజం కాదు. వృత్తి లైసెన్సును కూడా ప్రభుత్వ ప్రయోజనంగానే 1996 నాటి మరో చట్టం చూస్తుంది. రాష్ట్రం విడిగా చట్టం చేస్తే తప్ప స్టేటస్ లేనివాళ్లకు ఇవ్వకూడదు. కాలిఫోర్నియా 2014లో, ఇల్లినాయ్ 2018లో, మా న్యూజెర్సీ 2020లో అలాంటి చట్టాలు చేశాయి. అయినా లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం చేసే అనుమతి వచ్చినట్టు కాదు, అది వేరే విషయం. డెంటల్ డిగ్రీ పూర్తయ్యేసరికి ఇక్కడ అప్పు చేసి చదివిన పిల్లల నెత్తిన సగటున మూడు లక్షల డాలర్ల అప్పు ఉంటోంది. ప్రైవేటు బ్యాంకులు మన పిల్లలకు అప్పు ఇవ్వాలంటే మామూలుగా పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవారో హామీ సంతకం పెట్టాలంటాయి. ఇంత పెద్ద నిర్ణయానికి ముందు ఈ నిజాలు తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట: టెక్సాస్‌లో 2001 నుంచి ఉన్న ఇన్-స్టేట్ ఫీజు వెసులుబాటును 2025 జూన్‌లో కోర్టు ఆపేసింది. పాత ప్రకటనలు నమ్మి లెక్కలు వేసుకోకండి.

చేయాల్సినవి నాకు తెలిసినంతలో చెబుతున్నాను. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, దరఖాస్తు పిల్లల చేతే నింపించండి. కాలేజీకి ఇచ్చిన రికార్డులకు విద్యార్థుల వివరాలను గోప్యంగా ఉంచే 1974 నాటి ఫెర్పా చట్టం రక్షణ ఉంది, ప్రైవేటు కన్సల్టెంటుకు ఇచ్చిన కాపీలకు ఆ చట్టం వర్తించదు. ఇమ్మిగ్రేషన్ ప్రశ్నలు లాయరునో, న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధినో మాత్రమే అడగండి. ఆరోగ్య వృత్తుల్లోకి రావాలనుకునే స్టేటస్ లేని పిల్లల కోసం ప్రీ-హెల్త్ డ్రీమర్స్ అనే సంస్థను అలాంటి పిల్లలే 2012లో మొదలుపెట్టారు. అతను డబ్బు తీసుకుని చెప్పే మాటల కంటే అక్కడ దొరికే సమాచారం ఎన్నో రెట్లు నయం.

చెప్పుకునే చోట్లు కూడా ఉన్నాయి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు పత్రంలో వీసా గురించి అడగరు. న్యూజెర్సీ వినియోగదారుల విభాగం ఉంది. చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో 5,000 డాలర్ల దాకా దావా వేయవచ్చు. ఈ రాష్ట్రంలో మాట్లాడేవాళ్లలో ఒకరికి తెలిసి ఉంటే ఫోను సంభాషణ రికార్డు చేయడం చట్టబద్ధమే. ఏది చేసినా ముందు లాయరుతో మాట్లాడి చేయండి, మేమూ అలాగే చేస్తున్నాం.

ఆడ్సాస్‌లో ఒకసారి సమర్పించాక చాలా భాగాలు మార్చడం కుదరదు. కాబట్టి అతని చేతిలో మీ పిల్లల దరఖాస్తు ఉంటే ఈ రాత్రే లాగిన్ కండి. పౌరసత్వం, పుట్టిన ఊరు, వ్యాసం మూడూ చూసి, అప్పటికప్పుడే పాస్‌వర్డ్ మార్చండి. ఇప్పటికే సమర్పించి ఉంటే మీరే సొంతంగా దిద్దబోకండి, లాయరును కలవండి. ఫిర్యాదులో మాతో కలిసి రావాలనుకునేవాళ్లు నాకు విడిగా రాయండి. అతనికి ఎంత కట్టారు, ఏం రాయించాడు అన్నది చెబితే చాలు, మీ స్టేటస్ నేను అడగను.